పేరు పెట్టి పిలిస్తే

పంతులుగారు గొంతు సవరించుకుని లగ్నపత్రిక అందుకున్నారు, ఇంకా శ్రీరస్తు శుభమస్తు దగ్గరే ఉన్నారు, నా ఒళ్లో పళ్లెం కింద ఫోను వణికింది, చూస్తే నూరీన్, అమీర్‌పేట ఆఫీసులో నాతో పనిచేసే పిల్ల, ఇవాళ మా మరిది కేదార్ నిశ్చితార్థమని దానికి తెలుసు, తెలిసీ చేసిందంటే ఊరికే చెయ్యదు, పళ్లెం పక్కావిడ ఒళ్లోకి నెట్టేసి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఎవరి కాలూ తొక్కకుండా హాలు బయటికి వచ్చి ఎత్తాను. "మేడమ్, గా పెళ్లి లింకు కొడితే పెళ్లి వస్తలేదు, వేరేది ఏదో వస్తుంది" అంది. వేరేదంటే? "ఏదో పాప ఫంక్షన్ మేడమ్. బారసాల అని ఉంది. కింద మీ అత్తమ్మ పేరు సుత ఉంది." ఎవరి పాప అని నూరీన్ అడగలేదు, అడిగుంటే ఏం చెప్పేదాన్నో. "మీ సిస్టమ్ పాస్‌వర్డ్ చెప్పండి, నేను చేసేస్త, ఎంతసేపు గీ పని" అంది. ఆ పాస్‌వర్డ్ నోటితో చెప్పేది కాదు. వస్తున్నా, నువ్వేం ముట్టుకోకు, అన్నాను. "ఫంక్షన్ ఇడిచిపెట్టా? జర సోచాయించుండ్రి మేడమ్" అంటూనే ఉంది, పెట్టేశాను.

తప్పెక్కడ జరిగిందో మెట్లు దిగుతుండగానే తెలిసిపోయింది, ఒక్క ఏ, ఇంగ్లీషు ఏ. పెళ్లికూతురు రవళి వాళ్ల నాన్నగారికి న్యూమరాలజీ పిచ్చి, కేదార్ పేరులో ఇంకో ఏ తగిలిస్తే కాపురం పచ్చగా ఉంటుందని ఎవరో చెప్పారట, అచ్చయిన శుభలేఖలు పక్కన పడేసి మళ్లీ వేయించారు, వెబ్‌సైటు పేరులోనూ ఆ ఏ పడాల్సిందేనన్నారు, కేదారే కొత్త స్పెల్లింగుతో సైటు పేరు కొని నా సర్వర్ వైపు తిప్పి, "వదినా, నా వైపు పని అయిపోయింది, నీ వైపు ఏమన్నా ఉంటే చూసెయ్" అన్నాడు. నేనప్పుడు జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టిన టైలరుతో పోట్లాటలో ఉన్నాను. చూస్తాలే అన్నాను. ఊళ్లో అందరి వెబ్‌సైట్లూ చూసేదాన్ని, ఇంట్లో పెళ్లి దగ్గరికొచ్చేసరికి చూడలేదు, ఇదీ నా తెలివి. ఇందాక హాల్లోకి వస్తూ అత్తయ్య ఆ లింకుని చుట్టాలందరికీ పంపేశారు, కొత్తగా నేర్చుకున్న విద్య కదా, తెరిచి చూడకుండానే పంపేస్తారు. అది చాలదన్నట్టు వేదిక పక్కన తెల్ల తెర దించి పెట్టాడు కేదార్, పత్రిక చదవడం పూర్తయి తాంబూలాలు మార్చుకోగానే, మా వదిన చేసిన పెళ్లి సైటు చూడండి అని అందరి ముందూ వేస్తాడు. రెండు వైపుల పెద్దవాళ్లూ, ఫొటోగ్రాఫరూ, చంటిపిల్లలూ, అందరూ ఆ తెర వైపే తిరుగుతారు.

పంజాగుట్ట సర్కిల్లో బళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఆగిపోయి ఉన్నాయి, ఆటో ఎక్కితే ఇంతే సంగతులు, మెట్రో మెట్లెక్కాను, పట్టుచీరతో, తల్లో మల్లెపూలతో, కాళ్లకి పసుపుతో. తనిఖీ చేసే అమ్మాయి గాజుల మీద ఆ మెటల్ డిటెక్టర్ కర్ర తిప్పి "ఫంక్షనా మేడమ్?" అని నవ్వింది, అవునమ్మా ఫంక్షనే, నా కొంప మునిగే ఫంక్షను. ప్లాట్‌ఫాం మీద నిలబడి నాకు నేనే చెప్పుకుంటున్నాను, కొత్తవాళ్లకి పాఠం చెప్పినట్టు, కంగారు పడితే నాకదో అలవాటు. ఉన్నది ఒక్కటే సర్వర్, అందులోనే అందరూ, సనత్‌నగర్‌లో బోల్టులు చేసే హనుమాండ్లు, కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల్ని షూటింగులకి పంపే నర్సింహులు, బేగంపేటలో పెళ్లికూతుళ్లకి చీరలు కట్టే పింకీ, షరీఫున్నీసా ఆంటీ బిర్యానీ కేటరింగు, ఇంకా బోలెడు మంది, ఒకే కాంపౌండులో పోర్షన్లలాగా. గేటు ఒకటే, వాచ్‌మన్ ఒకడే. మా ఆఫీసు వాచ్‌మన్ కనకయ్య ఏం చేస్తాడో సర్వరూ అదే చేస్తుంది, ఎవరు కావాలి అంటాడు, పేరు చెప్తే ఆ తలుపు చూపిస్తాడు, తనెరగని పేరు చెప్తే లేరు పొమ్మనడానికి మొహమాటం, మొట్టమొదటి తలుపు దగ్గరికి పంపేస్తాడు. రెండు ఏలున్న కేదార్‌ని నా సర్వర్ ఎరగదు. అందుకని మొదటి తలుపు చూపిస్తోంది. తలుపులన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంటాయి, ఏ అందరికన్నా ముందు, ఏ తర్వాత ఇంకో ఏ ఉంటే మరీ ముందు. ఆ మొదటి తలుపు వెనకాల నా కూతురుంది.

రైలొచ్చింది, ఎక్కాను, ఒక్క స్టేషనే, ఓపికుంటే నడిచి వచ్చేంత దూరం. కిటికీలోంచి ఆ రోడ్డు చూడకూడదనుకుంటూనే చూశాను, నేను పురుడు పోసుకున్న ఆసుపత్రి ఆ రోడ్డులోనే. అప్పట్లో నెలలు నిండి, కాళ్లు నీరు పట్టి, మంచం దిగలేక పొట్ట మీద దిండూ దిండు మీద లాప్‌టాపూ పెట్టుకుని బారసాల పేజీ చేశాను, చేతిలో పనున్నదానికి ఊరుకోబుద్ధవుతుందా, సైటు పేరు కూడా కొనేశాను. ఆడపిల్లే అని నాకెవరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా, కానీ మగపిల్లాడైతే అనే పేజీ చెయ్యనేలేదు, అంత ధీమా. చిరంజీవి ఆమని నామకరణానికి తామంతా విచ్చేసి పాపను దీవించాలి, ఆహ్వానించువారు నాయనమ్మ జానకీదేవి, తాతయ్య హనుమత్ప్రసాద్, అమ్మ మంజూష, నాన్న రఘురామ్, బాబాయి కేదార్. తేదీ దగ్గర ఏం రాయాలో తెలియక త్వరలో అని రాశాను. ఎవరికీ చూపించలేదు, బియ్యంలో రాసేదాకా పేరు బయటపెట్టకూడదన్నది అత్తయ్య పట్టింపు, రఘుకి కూడా చెప్పొద్దన్నారు, వాడి నోట్లో నువ్వుగింజ నానదన్నారు, నేనూ ముచ్చటపడి సరే అన్నాను, పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాస్తుంటే అందరూ తొంగిచూడాలని. పుట్టింది. ఏడ్చింది, విన్నాను. గాజు పెట్టెలో తెల్లారేదాకా ఉంది. తర్వాత రఘూ, మావయ్యా తీసుకెళ్లారు, ఎక్కడికని నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు. అత్తయ్య నా మంచం పక్కన కూర్చుని, తల నిమిరి, "పుట్టలేదనుకో అమ్మా" అన్నారు. మంచికే అన్నారు, నేను తట్టుకోవాలని అన్నారు, కానీ ఆ రోజు నుంచీ ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు, ఎంత బాగా అనుకున్నారంటే పిల్లల మాటొస్తే ఇంకా లేరండీ అని చుట్టాలకి చెప్పడం దాకా వచ్చింది, నేను పక్కనే కాఫీ కప్పులు సర్దుతూ వినడం దాకా వచ్చింది.

ఆసుపత్రి కాగితాల్లో దానికి పేరు లేదు, బేబీ ఆఫ్ మంజూష అనుంది. ఫొటో లేదు. ఊయల అమ్మేశారు. పేరంటూ ఉన్నది ఆ పేజీలోనే. ఏటా ఆ సైటు పేరు గడువు తీరకముందే పొడిగిస్తాను, పుట్టినరోజు చేసినట్టు. అక్కడికి ఎవరూ రారు, పేరు తెలిస్తే కదా వచ్చేది, ఏ దేశం నుంచో తాళాలు తీసి చూసే దొంగ బాట్లు, వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు, తప్ప, అవి పేరు చెప్పకుండా గేటు తోసుకుని వస్తాయి కాబట్టి మొదటి తలుపుకే వెళ్తాయి. బుద్ధున్నవాళ్లెవరైనా మొదట ఒక ఖాళీ పేజీ పెడతారు, నూరీన్‌కి నేనే నేర్పాను అలా పెట్టాలని, నా దాన్లో నేనే పెట్టలేదు. దొంగలైనా సరే, ఎవరో ఒకరు దాని పేరు చూస్తున్నారు కదా అని ఉండేది, ఇలాంటివి ఎవరితో చెప్పినా పిచ్చంటారు. ఇప్పుడు అత్తయ్య చూస్తే ఆవిడ అనేది ఒక్కటే మాట, తీసెయ్యి. శుభమా అని తాంబూలాలు పుచ్చుకుంటుంటే ఇదేంటి, తీసెయ్యి. పెళ్లివాళ్ల ముందు, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని అంటే నేను కాదనలేను. నా సంగతి నాకు తెలుసు, కాదనడం రాదు నాకు. తీసేస్తాను. తీసేస్తే ఇక అది నిజంగానే పుట్టలేదు.

రైల్లోనే రఘు ఫోను. "మంజూ, ఎక్కడున్నావు? అమ్మ పక్కన నువ్వు లేకపోతే ఎలా?" వెనకాల పంతులుగారి గొంతు, ఇంకా గోత్రాల దగ్గరే ఉన్నారు, నెమ్మదిగా చదవండి మహానుభావా అనుకున్నాను. ఆఫీసుకి వెళ్తున్నా, పెళ్లి సైటు సరిగా రావట్లేదు, సరిచేసి వచ్చేస్తా, తెర మీద వెయ్యొద్దను, అన్నాను. "ఇప్పుడా? నూరీన్ లేదూ?" దానికి రాదు అని అబద్ధమాడాను, నూరీన్‌కి రానిది లేదు, దాని ముందు నోరు తెరిచి ఆ పేరు చెప్పడం నాకు రాదు. పాస్‌వర్డూ అదే. రోజూ పొద్దున్నే వేళ్లతో కొడతాను, పైకి ఎప్పుడూ అనలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనలేదు, అంటే ఏమవుతుందో తెలియక. "సరే గానీ, తణుకు పెద్దమ్మ ఫోన్ చేసింది అమ్మకి, అమ్మ ఫోను పట్టుకుని పక్క గదిలోకి వెళ్లింది, ఇంకా రాలేదు. ఏమన్నా గొడవంటావా?" అన్నాడు రఘు. తణుకు పెద్దమ్మ అంటే అత్తయ్యకి అక్కగారు, ఏ లింకొచ్చినా మొదట తెరిచేది ఆవిడే. రైలు ఆగింది, జనం తోశారు, "మంజూ? మంజూ?" అంటున్నాడు, సిగ్నల్ లేదన్నట్టు పెట్టేశాను. మంచివాడే. ఆ రోజు చేతులారా తీసుకెళ్లినవాడు వాడే, ఆ చేతుల్ని ఎన్నిసార్లు పట్టుకున్నానో, ఒక్కసారీ అడగలేదు, ఎంత బరువుందని.

అమీర్‌పేటలో దిగితే ఎప్పుడూ ఉండే జాతరే, ఆ రైలు దిగి ఈ రైలు ఎక్కేవాళ్లు, బ్యాగుల కింద నలిగే పిల్లలు, మెట్లు దిగుతుంటే కాలికి కుచ్చిళ్లు అడ్డం. కింద సందులో పైనుంచి కిందదాకా బోర్డులే, జావా, పైథాన్, డేటా సైన్స్, లేడీస్ హాస్టల్, ఒక్కో గోడకి ఇరవై మంది గురువులు. పట్టుచీరలో పరిగెడుతున్నదాని చేతిలో కూడా ఒకడు పాంప్లెట్ పెట్టాడు, "డెమో ఫ్రీ మేడమ్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ", పట్టుకునే పరిగెత్తాను. మిర్చిబజ్జీల నూనె వాసన, మధ్యాహ్నపుటెండ, తల్లో పూలు వాడిపోతున్న వాసన. దారిలో హనుమాండ్లు ఫోను చేశాడు, "మేడమ్ నా సైట్ నడుస్తుంది కదా?" నడుస్తుందన్నా, నీకేం, నీ పేరు సర్వర్‌కి తెలుసు. నాకే ఎన్ని పేర్లు, హనుమాండ్లుకి మేడమ్‌ని, కేదార్‌కి వదిననీ, రఘుకి మంజూనీ, బేగంపేట వియ్యాలవారు రవళి వాళ్లకి పెద్దకోడలిగారినీ, ఎవరెలా పిలిస్తే ఆ మనిషి లేచి వెళ్లి తలుపు తీస్తుంది, మొహం నిండా నవ్వుతుంది కూడా. అమ్మా అని పిలిచేవాళ్లు లేరు కాబట్టి ఆ తలుపొక్కటీ తీసే అవసరం రాలేదు. ఏదో ఒక పొరపాటు జరిగి తెలియని పేరుతో వస్తే తప్ప. ఈ మాట తట్టగానే కాళ్లు ఆగిపోయాయి, చెరుకురసం బండి పక్కన, బండివాడు గ్లాసు అందించబోయాడు, వద్దని మళ్లీ నడిచాను. ఒక్క రాత్రి ఉన్న పిల్ల, ఇవాళ ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఫోన్లలో తెరుచుకుందో, తణుకులో, భీమవరంలో, బేగంపేటలో. భయంగా ఉంది, నిజమే. భయంతోపాటు ఇంకోటి కూడా ఉంది, చెప్పాలంటే సిగ్గుగా ఉంది, సంతోషంగా ఉంది.

కనకయ్య లేచి నిలబడి "గింత మంచిగ తయారై ఇటొచ్చినవేందమ్మా" అన్నాడు, లిఫ్టు లేదు, మెట్లెక్కాను. నూరీన్ తలుపు తెరిచి పట్టుకుని ఉంది. "కేదార్ అన్న ఫోన్ చేసిండు. సర్వర్ జర స్లో ఉన్నది, ఆగుండ్రి అని చెప్పిన. రఘు సార్ తెర మీద వెయ్యొద్దన్నడంట, అయినా అన్న తయారుగనే ఉన్నడు" అంది. నా మొహం చూసి మంచినీళ్ల సీసా ముందు పెట్టింది, తర్వాత తన కుర్చీని నెమ్మదిగా కిటికీ వైపు తిప్పుకుంది, నేను పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చూడకుండా. "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. నేనేం చూడలే" అంది అటు తిరిగే. ఇంత చిన్న పిల్లకి ఇంత పెద్ద మర్యాద ఎవరు నేర్పారో. కూర్చున్నాను, కొట్టాను, తెరుచుకుంది, వరసగా అందరి పేర్లూ, పైనే అది. కిందెక్కడో కేదార్, ఒక్క ఏతో. చెయ్యాల్సింది చాలా చిన్న పని, కొత్త పేరు చేర్చి, మళ్లీ చదువుకోమని సర్వర్‌కి చెప్పడం. లేదా ఆ పైదాన్ని తీసెయ్యడం. తీసేస్తే ఎవరూ అడగరు, ఏదో టెక్నికల్ ప్రాబ్లం అత్తయ్యా, ఎవరిదో పేజీ కలిసిపోయింది అనొచ్చు, పేర్లు కూడా ఎలా కలిశాయంటే ఏం చెప్తాను, ఏదో ఒకటి చెప్తాను, చెప్పడంలో ఆరితేరిపోయాను కదా. కేదార్ పేరు పక్కన కొత్త పేరు కొట్టాను, రెండు ఏలతో. ఎంటర్ మీద వేలు పెట్టాను. ఫోను మోగింది. అత్తయ్య.

ఎత్తకపోతే బాగుండుననుకుంటూనే ఎత్తాను. "మంజూ" అన్నారు, వెనకాల సన్నాయి మొదలైంది, అంటే పత్రిక చదవడం అయిపోయింది. సరిచేస్తున్నాను అత్తయ్యా, ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం, అన్నాను. "తణుకు అక్కయ్య ఫోన్ చేసింది" అన్నారు ఆవిడ, నా మాట విననట్టే. "జానకీ, మనవరాలు పుట్టిందా, నాకు చెప్పనేలేదే, బారసాల ఎప్పుడు అంది. నాకేం అర్థం కాలేదు. అప్పుడు తెరిచి చూశాను." ఆగారు. ఏడుస్తున్నారో లేదో తెలియలేదు, సన్నాయి ఎక్కువగా ఉంది. "నా పేరు ముందు రాశావు. అందరికన్నా ముందు నాదే రాశావు." అవునత్తయ్యా, పిలిచేది మీరే కదా. "మంచి పేరు పెట్టుకున్నావే. నేనేమో నిన్ను నోరెత్తనివ్వలేదు, బియ్యంలో రాసేదాకా చెప్పొద్దన్నాను. ఆ తర్వాతేమో అసలే చెప్పొద్దన్నాను." నూరీన్ వీపు కనిపిస్తోంది, కదలకుండా కిటికీలోంచి బోర్డులు చదువుతోంది. తణుకు పెద్దమ్మకి ఏం చెప్పారు అత్తయ్యా, అని అడిగాను.

"పుట్టింది అన్నాను" అన్నారు అత్తయ్య.

ఎంటర్ మీద వేలు అలాగే ఉంది. హాల్లో ఎవరో జానకమ్మగారూ అని పిలుస్తున్నారు, వస్తున్నా అని ఆవిడ అటు కేకేసి, గొంతు తగ్గించి, "నువ్వది సరిచేస్తే ఇది పోతుందా?" అన్నారు. పోదు అత్తయ్యా, అన్నాను, ఇలా పొరపాటున కనిపించదు, అంతే, పేరు పెట్టి పిలిస్తే వస్తుంది. "అయితే సరిచెయ్యి. కేదార్ తెర దగ్గర తొందరపడుతున్నాడు." నొక్కాను. నూరీన్ తన ఫోన్లో కొట్టి చూసి, వెనక్కి తిరక్కుండానే "పెళ్లి వచ్చింది మేడమ్" అంది. అటువైపు చప్పట్లు వినిపించాయి, తెర మీద వేసినట్టున్నాడు, అందరూ అటు చూస్తుంటారు, అత్తయ్య ఒక్కరే ఫోను చెవిదగ్గర పెట్టుకుని ఏ గోడవారనో నిలబడి ఉంటారు.

"ఇప్పుడు ఆ పేరు చెప్పు" అన్నారు. "ఇంగ్లీషులో చెప్పు, నా చేత్తో నేను కొట్టుకుంటాను." నూరీన్ పెట్టిన నీళ్లు ఒక గుక్క తాగాను. ఏ, అన్నాను. తర్వాత ఇంకో ఏ.

"రెండా? ఎవరు చెప్పారే రెండు పెట్టమని?"

ఎవరూ చెప్పలేదత్తయ్యా, పిలిచేటప్పుడు అలా సాగుతుంది కదా, అన్నాను.

మిగతా అక్షరాలూ ఒక్కొక్కటే చెప్పాను. తర్వాత ఆ చప్పట్ల మధ్యలోంచి, పెరట్లో ఆడుకుంటున్న పిల్లని అన్నానికి రమ్మన్నట్టు, ఆమనీ, అని అత్తయ్య ఒకసారి పిలిచి చూశారు.